గుర్రం కాళ్ళు పట్టేస్తే: ల్యామినైటిస్‌లో మొదటి గంట నుంచి కష్టమైన నిర్ణయం దాకా

గోదావరి జిల్లాల్లో గుర్రాలు తక్కువ, గుర్రాల సంగతి బాగా తెలిసిన డాక్టర్లు ఇంకా తక్కువ. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పేవాళ్ళు, అంతర్వేది, పేరుపాలెం బీచిల్లో సవారీలు తిప్పేవాళ్ళు, ఇష్టం కొద్దీ ఇంట్లో ఒక గుర్రాన్ని పెంచుకునేవాళ్ళు, అందరికీ ఈ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఎదురైనప్పుడు డాక్టరు వచ్చేలోపు మీరు చేసే పనులే చాలావరకు ఫలితాన్ని తేలుస్తాయి. ఆ తర్వాత, ఎంతవరకు వైద్యం చేయించాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న వస్తుంది. రెండింటి గురించీ రాస్తున్నాను.

ముందు జబ్బు అర్థం కావాలి. డెక్క లోపల అదే ఆకారంలో ఒక ఎముక ఉంటుంది. మన గోరు కింది చర్మానికి అతుక్కున్నట్టే ఆ ఎముక వందలాది సన్నటి పొరలతో డెక్క గోడకి అతుక్కుని ఉంటుంది. గుర్రం బరువు మోసేది ఆ పట్టే. ల్యామినైటిస్‌లో ఆ పొరలు వాచి, సాగి, ఊడిపోవడం మొదలవుతుంది. డెక్క గట్టిది, వాపు బయటికి రావడానికి చోటుండదు, అందుకే నొప్పి అంత ఘోరంగా ఉంటుంది. పట్టు వదిలాక పైనుంచి బరువు నొక్కుతూ, వెనక నుంచి పెద్ద నరం (కండరాన్ని ఎముకకి కలిపే టెండన్) లాగుతూ ఉంటే ఎముక మొన కిందికి తిరుగుతుంది. ఒక్కోసారి ఎముక మొత్తంగా కిందికి దిగిపోతుంది. బాగా ముదిరితే అరికాలిని చీల్చుకుని బయటికి వస్తుంది.

మన దగ్గర దీనికి మొదటి కారణం తిండి. తవుడు, నూకలు, వడ్లు, బెల్లం ఒక్కసారిగా ఎక్కువగా కడుపులో పడితే పేగుల్లో పులిసి, ఆ విషం డెక్కల దాకా చేరుతుంది. పెళ్ళిళ్ళలో ముద్దుగా నోట్లో పెట్టే లడ్డూలూ మిఠాయిలూ కూడా లెక్కలోకి వస్తాయి. మెడ పైన కొవ్వు గట్టిపడి, తోక మొదట్లో మెత్తటి గడ్డల్లా కనిపించే బలిసిన గుర్రాలకి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి, పచ్చగడ్డితోనే ఈ జబ్బు వస్తుంది. వయసు మళ్ళిన గుర్రం వేసవి వచ్చినా జూలులాంటి పొడుగు వెంట్రుకలు రాల్చకపోతే కుషింగ్స్ అనే గ్రంథి జబ్బు ఉందేమో చూపించాలి, దానివల్లా ల్యామినైటిస్ వస్తుంది. ఈనిన గుర్రానికి మూడు గంటల్లో మాయ పడకపోయినా, విపరీతంగా విరేచనాలైనా, ఒక కాలు విరిగి బరువంతా రెండో కాలి మీదే పడినా, సీసీ రోడ్ల మీద గంటల తరబడి ఆడించినా ఇదే ప్రమాదం.

ఎలా గుర్తుపట్టాలి

గుర్రం ముందు కాళ్ళు ముందుకి చాపి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి, వెనక్కి వాలినట్టు నిలబడుతుంది. మెత్తటి నేల మీద ఎలాగో నడిచినా గట్టి నేల రాగానే ఆగిపోతుంది. వెనక్కి తిప్పబోతే ముందు కాళ్ళని తిప్పలేక, ఒక్కసారి ఎత్తి గెంతినట్టు పడుతుంది. ఒక కాలు ఎత్తమంటే ఎత్తదు, ఎందుకంటే రెండో కాలి మీద బరువు మోపడం దానికి సాధ్యం కాదు. చాలామంది దీన్ని నడుము నొప్పి అనుకుంటారు, కడుపునొప్పి అని మందు తాగిస్తారు.

చేతితో చూడడం నేర్చుకోండి. డెక్కకి పైన వంగే కీలు ఉంటుంది కదా, దాని వెనక రెండు పక్కలా వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి వెతికితే గాని దొరకదు. ఈ జబ్బులో వేలు ఆనించగానే కొట్టుకుంటూ తగులుతుంది. గుర్రం బాగున్న రోజుల్లోనే నాలుగు కాళ్ళకీ నాడి చూస్తూ ఉంటే మీ వేళ్ళకి తేడా తెలుస్తుంది. డెక్క వేడి కూడా చూడండి, కానీ మన ఎండల్లో మధ్యాహ్నం ఏ డెక్కయినా వేడిగానే ఉంటుంది. తెల్లవారుజామున చూస్తేనే ఆ వేడికి అర్థం. డెక్క పై అంచున వెంట్రుకలు మొదలయ్యే చోట వేలు పెట్టి చుట్టూ తడమండి. అక్కడ గాడిలాగ లోపలికి పోతుంటే ఎముక దిగుతోందని అర్థం, డాక్టరుకి అదే మొదట చెప్పండి.

ఒక్క కాలే కుంటుతూ, ఆ ఒక్క డెక్కలోనే నాడి కొట్టుకుంటుంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. అడుగున ఫ్రాగ్ (మధ్యలో మూడు మూలల మెత్తటి దిండులా ఉండే భాగం) దగ్గర నల్లగా కుళ్ళి కంపు కొడుతుంటే అది వానాకాలపు కుళ్ళు. ఆ రెండూ వేరే వైద్యం, ఇంత భయం లేదు. రెండు ముందు కాళ్ళూ ఒకేసారి పట్టేస్తే మాత్రం ల్యామినైటిస్ అనుకునే కదలండి.

మొదటి గంటలో

నడిపించకండి. కాళ్ళు పట్టేశాయి, నడిపిస్తే సాగుతాయి అని పెద్దవాళ్ళు చెప్పేది ఈ జబ్బుకి వర్తించదు. వేసే ప్రతి అడుగూ ఊడుతున్న పొరల్ని ఇంకొంచెం చింపుతుంది. ఎక్కడుంటే అక్కడే ఉంచి, దాని కాళ్ళ కింద మెత్తటి నేలని మీరే తయారుచేయండి. రోడ్డు మీద ఆగిపోతే టాటా ఏస్ ఎక్కించక తప్పదు. అప్పుడు ఎత్తు తక్కువ ఉన్న గట్టు చూసి, అడుగున ఇసుకో ఊకో మందంగా పోసి ఎక్కించండి.

మేతలో గింజ అనేది ఏదీ ఉండకూడదు. తవుడు, ఉలవలు, బెల్లం అన్నీ ఆపేసి, ఎండుగడ్డి, నీళ్ళు మాత్రం ఉంచండి.

డాక్టరుకి ఫోన్ చేయండి. దగ్గర్లో ఎవరూ తెలియకపోతే 1962 కి చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. ఫోన్‌లో "గుర్రం బాగోలేదు" అంటే ఆయన ఏ మందులు తేవాలో తెలియదు. ఇలా చెప్పండి: "డాక్టరు గారూ, గుర్రం రాత్రి నుంచి ముందు కాళ్ళు రెండూ మోపట్లేదండి. వెనక్కి వాలి నిలబడుతోంది. డెక్క పైన నాడి గట్టిగా కొట్టుకుంటోంది. నిన్న సాయంత్రం తవుడు బస్తా చించుకుని తినేసిందండి. ల్యామినైటిస్ ఏమో అనుకుంటున్నాం." తిన్నదేమిటి, ఎప్పుడు తిన్నది, ఈమధ్య ఏ ఇంజెక్షన్ చేయించారు, ఆడగుర్రమైతే ఈనిందా, ఇవి తప్పకుండా చెప్పండి. గుర్రం నిలబడ్డ తీరు పక్కనుంచి వీడియో తీసి పంపండి.

ఐసు

మందులతో సమానంగా పనిచేసేది ఇదే, పైగా డెల్టాలో ఇది దొరికినంత తేలికగా ఇంకెక్కడా దొరకదు. భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల చేపలకీ రొయ్యలకీ ఐసు సరఫరా చేసే ఫ్యాక్టరీలు తెల్లవారుజామునే తెరిచి ఉంటాయి.

ఒక విషయం తెలుసుకుని ఈ పని చేయండి. గింజలు ఎక్కువ తిన్న గుర్రానికి కాళ్ళు పట్టేసేది వెంటనే కాదు, సుమారు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజుల తర్వాత. ఆ మధ్య గుర్రం మామూలుగానే నడుస్తుంది. ఐసు అన్నిటికంటే బాగా పనిచేసేది ఆ మధ్యలోనే. తవుడు బస్తా ఖాళీ చేసిందని తెలిసిన క్షణమే, అది హుషారుగా ఉన్నా సరే, డాక్టరుకి చెప్పి ఐసు మొదలుపెట్టండి. కాళ్ళు పట్టేశాక మొదలుపెట్టినా నొప్పి తగ్గడానికి సాయపడుతుంది, కానీ జరిగిన నష్టాన్ని వెనక్కి తేదు.

ఐసు, నీళ్ళు కలిసిన గుజ్జు డెక్క మొత్తాన్నీ, దాని పైన మోకాలి కిందిదాకా ముంచాలి. విడిగా ఐసు ముక్కలు పెడితే అన్ని చోట్లా తగలవు, నీళ్ళు ఉంటేనే చలి లోపలికి దిగుతుంది. మంచి పొడుగైన ప్లాస్టిక్ తొట్టి ఉంటే ఒక్కో కాలూ అందులో పెట్టించండి. తొట్టిలో నిలబడదంటే రొయ్యల మేత సంచి తీసుకుని లోపల మందపాటి పాలిథీన్ కవరు వేసి, కాలు అందులో పెట్టి, పైన గుడ్డ పట్టీతో వదులుగా కట్టి, దంచిన ఐసూ నీళ్ళూ పోయండి. గట్టిగా బిగించకండి, అడుగున నేల మెత్తగా ఉండాలి. ఐసు కరిగే కొద్దీ నింపుతూ ఉండాలి, ఎండ వేళ ఇంకా తరచుగా. ఇది రెండు నుంచి మూడు రోజులు రాత్రీ పగలూ ఆపకుండా చేయాల్సిన పని. ఒక్కరి వల్ల కాదు. ఇంట్లోవాళ్ళనీ స్నేహితులనీ షిఫ్టులుగా పెట్టుకోండి.

గుర్రాన్ని కాలవలో దింపి నిలబెడితే చాలదా అని అడుగుతారు. చల్లగా హాయిగా ఉంటుంది, మెత్తటి బురద కాళ్ళకి ఊరటనిస్తుంది, అది నిజమే. కానీ డెక్క పది డిగ్రీల కంటే కిందికి చల్లబడితేనే ఈ వైద్యం వైద్యమవుతుంది. మన కాలవ నీళ్ళు ఏ కాలంలోనూ అంత చల్లగా ఉండవు. పైగా కాలవ దాకా నడిపించి, గట్టు దింపి, మళ్ళీ ఎక్కించాలి.

కాళ్ళ కింద

డెక్క గోడ అంచు మీద బరువు పడకూడదు. అడుగు మొత్తం మీద, ముఖ్యంగా వెనక సగం మీద, ఫ్రాగ్ మీద పరుచుకోవాలి. దీనికి గోదావరి ఇసుక చాలా మంచిది. తడిపిన ఇసుక మందంగా పోస్తే గుర్రం తన మొన ఎటు దింపుకుంటే హాయో అటు తనే దింపుకుంటుంది. గమనిస్తే మడమ కొంచెం మెరకలో ఉండి, మొన కిందికి దిగేలా గుంట చేసుకుని నిలబడడం కనిపిస్తుంది. కోనసీమవాళ్ళకి కొబ్బరి పీచు పొట్టు చవకగా దొరుకుతుంది, అదీ బాగుంటుంది, పడుకోవడానికి ఇసుక కంటే హాయి. ఊక ఒక్కటే పోస్తే కాళ్ళ కింద జారిపోయి గచ్చు తగులుతుంది, దుమ్ము కూడా. ఇసుక మీద మేత వేయకండి, ఇసుక కడుపులో చేరితే అదో ప్రమాదం. గడ్డి తొట్టిలోనో, పట్టా మీదో వేయండి.

పాకలో అంత ఇసుక పోయించేలోపు తక్షణ సాయానికి థర్మోకోల్ ఉంది. చేపల పెట్టెల థర్మోకోల్ త్వరగా నలిగిపోతుంది, కాస్త గట్టి రకం షీటు, రెండంగుళాల మందం ఉన్నది తెచ్చి డెక్క ఆకారంలో కోసి, అడుగున పెట్టి వెడల్పు టేపుతో డెక్క గోడకి చుట్టండి. టేపు వెంట్రుకల మీదికి పోకూడదు, రక్తం ఆడాలి. ఒకటి రెండు రోజుల్లో నలిగి డెక్క అచ్చు పడుతుంది, దాని మీదే ఇంకోటి పెట్టి చుట్టండి.

నాడాలు ఉంటే తీయించాలా అన్నది డాక్టరూ, నాడాలు కొట్టే ఆయనా కలిసి చూసి చెప్పాలి. తీయాల్సి వస్తే ఒక్కసారిగా పట్టకారుతో పెకలించకూడదు. మేకుల వంపుల్ని ఆకురాయితో అరగదీసి, ఒక్కో మేకూ విడిగా లాగాలి, అదీ నొప్పి మందు పనిచేస్తున్న సమయంలో. పడుకుంటే లేపకండి. పడుకున్నంతసేపు డెక్కల మీద బరువు లేదు. నీళ్ళూ గడ్డీ నోటికి అందేలా జరపండి, ఒకే పక్క మీద పుండ్లు పడకుండా చూడండి.

మందుల దగ్గర జాగ్రత్త

మోతాదులు రాయను, అది మీ గుర్రాన్ని చూసిన డాక్టరు పని. కానీ కొన్ని తెలిసి ఉండాలి. ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లునిక్సిన్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందుల్లో ఒకటి వాడతారు. త్వరగా తగ్గుతుందని ఇంకోటి కలిపితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. నీళ్ళు సరిగ్గా తాగని గుర్రానికి ఇంకా ప్రమాదం. డెక్సా లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరైనా వేస్తానంటే వద్దని చెప్పండి. స్టెరాయిడ్లు ఈ జబ్బుని తెచ్చిపెట్టగలవు, ఉన్నదాన్ని పెంచగలవు. పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని 2023లో. ఆ మందు వాడిన కళేబరం తిన్న రాబందులు చచ్చిపోతున్నాయనే ఆ నిషేధం. అయినా ఇంకా తెచ్చి పొడిచేవాళ్ళుంటారు.

టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో చెప్పండి. గుర్రాలకి ధనుర్వాతం చాలా తేలికగా వస్తుంది, డెక్క అడుగు తెరుచుకుంటే అదే దారి.

నొప్పి మందు పడగానే గుర్రం బాగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అది నయం కావడం కాదు. అప్పుడే కట్టి ఉంచాలి. ముహూర్తానికి అడ్వాన్సు తీసుకున్నాం, ఈ ఒక్క ఊరేగింపుకి ఇంజెక్షన్ చేసి పంపిద్దాం అని అనుకుంటే ఆ రాత్రితో ఎముక తిరిగిపోవచ్చు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయండి, లేదా తెలిసినవాళ్ళ గుర్రాన్ని పంపండి. జబ్బుతో ఉన్న జంతువు చేత పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఎక్స్‌రే లేకుండా నిర్ణయం తీసుకోకండి

నొప్పి కొంచెం అదుపులోకి వచ్చాక పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. పోర్టబుల్ మిషను ఇంటికి తెప్పించగలిగితే అంత మంచి పని లేదు. లేకపోతే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మనకి దగ్గర్లో పశువైద్య కళాశాల ఉన్నది గన్నవరంలో, అంటే కృష్ణా జిల్లా గన్నవరం, కోనసీమ పి.గన్నవరం కాదు. మొదటి రోజుల్లో అంత దూరం నిలబెట్టి తీసుకెళ్ళడం మంచిది కాదు, డాక్టరు చెప్పినప్పుడే కదలండి. రెండు డెక్కలకీ తీయించండి. ఒకే ఎత్తున్న చెక్క దిమ్మల మీద కాళ్ళు పెట్టించి, డెక్క ముందు గోడ మీద సన్నటి తీగ, అడుగున ఫ్రాగ్ మొన దగ్గర ఒక పిన్ను గుర్తుగా పెట్టి తీస్తేనే ఎముక ఎంత తిరిగిందో, ఎంత దిగిందో కొలవగలరు. ఆ ఫిల్ము ఫోటోని గుర్రాలు చూసే డాక్టరు ఏ ఊళ్ళో ఉన్నా వాట్సాప్‌లో పంపి అడగొచ్చు.

అడగాల్సినవి మూడు. ఎముక ఎన్ని డిగ్రీలు తిరిగింది? కిందికి దిగిందా? అరికాలి మందం ఎంత మిగిలింది? అయిదు డిగ్రీల లోపు తిరిగితే మళ్ళీ సవారీకి వచ్చే అవకాశం బాగుంటుంది. పదకొండు, పన్నెండు దాటితే బతికించగలిగినా పనికి రావడం కష్టం. ఇవి కచ్చితమైన గీతలు కావు, ఎక్కువ తిరిగినా జాగ్రత్తగా చూస్తే హాయిగా బతికిన గుర్రాలున్నాయి. కానీ ఎముక మొత్తంగా దిగిపోవడం, తిరగడం కంటే చెడ్డది. అరికాలు పదిహేను మిల్లీమీటర్లు ఉండాల్సింది పది కంటే తగ్గితే కింద గులకరాయి తగిలినా విలవిల్లాడుతుంది. ఫ్రాగ్ ముందు అరికాలు చంద్రవంకలా ఉబ్బినా, డెక్క పై అంచు దగ్గర నీరు కారుతున్నా పరిస్థితి చాలా తీవ్రంగా ఉన్నట్టు.

ఎంతవరకు వెళ్ళాలి

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది అన్న లెక్కతో ముందుకి వెళ్ళకండి, ఆగకండి కూడా. ఖర్చయిన డబ్బు గుర్రానికి తెలియదు. దానికి తెలిసింది ఇవాళ ఎలా ఉందన్నదే.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ ఒకే సమయానికి కొన్ని సంగతులు రాయండి: మేత తిన్నదా, ఎన్ని గంటలు పడుకుంది, తనంతట తాను లేచిందా, కాలు ఎత్తనిచ్చిందా, మనిషిని చూసి చెవులు ముందుకి పెట్టిందా, నాడి నిమిషానికి ఎంత. మామూలుగా విశ్రాంతిలో గుండె నిమిషానికి ముప్పై నుంచి నలభై నాలుగు దాకా కొట్టుకుంటుంది. నొప్పి మందు వేసినా అరవై దాటి ఉంటోందంటే అది బాధపడుతూనే ఉంది. ఆ పక్కనే "మంచి రోజు", "చెడ్డ రోజు" అని ఒక్క మాట రాయండి. రోజూ పక్కనే ఉండేవాళ్ళకి మెల్లగా దిగజారడం కనిపించదు, నిన్నటి కంటే కొంచెం నయం అనే అనిపిస్తుంది. రెండు వారాల పేజీలు తిరగేస్తే నిజం కనిపిస్తుంది.

ఇంకో పని, కష్టమైనా మొదటి వారంలోనే చేయండి. ఇంట్లో అందరూ కూర్చుని, డాక్టరుని కూడా అడిగి, ఏయే సంగతులు జరిగితే ఆపుతామో కాగితం మీద రాయండి. ఎముక అరికాలిని చీల్చుకొస్తే. డెక్క ఊడడం మొదలైతే. ఎంత మందు వేసినా మేత ముట్టకపోతే. లేవలేక ఒళ్ళంతా పుండ్లు పడితే. చెడ్డ రోజులు మంచి రోజులని మించి వారాలు గడిస్తే. అర్ధరాత్రి గుర్రం మూలుగుతుంటే, పిల్లలు ఏడుస్తుంటే, ఎవరూ సరిగ్గా ఆలోచించలేరు. ముందే రాసుకున్నది అప్పుడు చేయి పట్టుకుంటుంది.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోండి. ఇది వారం రోజుల వైద్యం కాదు. డెక్క నెలకి ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. పై అంచు నుంచి మొన దాకా పూర్తిగా కొత్త డెక్క రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అంతకాలం నాలుగైదు వారాలకోసారి డెక్క చెక్కించాలి, మళ్ళీ ఎక్స్‌రేలు, మందులు, మనిషి. గుర్రమే జీవనాధారమైన ఇంటికి ఆ ఏడాది ఆదాయం లేదు. అప్పు తెచ్చి వైద్యం చేయించి, మధ్యలో డబ్బైపోయి మందులు ఆపేస్తే గుర్రానికి మిగిలేది బాధే. మొత్తం దారి నడవగలమా అని మొదటే చూసుకోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఎముకని లాగే ఆ పెద్ద నరాన్ని (టెండన్‌ని) కోసే ఆపరేషన్ కొన్ని గుర్రాలకి మేలు చేస్తుంది, కానీ దాని తర్వాత కూడా ఇదే నెలల సేవ ఉంటుంది.

చేయకూడనిది ఒకటుంది. పనికిరాదని తెలిసి ఎవరికో అమ్మేయడం, రాత్రి పూట తీసుకెళ్ళి ఏ ఏటిగట్టు మీదో వదిలేయడం. చట్టం ప్రకారం వదిలేయడం నేరం. అది అలా ఉంచినా, నడవలేని గుర్రం గట్టు మీద కుక్కల మధ్య పడి చావడం మీరు తప్పించుకున్న నిర్ణయం కంటే ఎంతో క్రూరం.

ఉంచుకుందాం అనుకుంటే

మేత నుంచి మొదలుపెట్టండి. శరీర బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండుమేత సరిపోతుంది, అంటే మూడు వందల కిలోల గుర్రానికి రోజుకి నాలుగున్నర నుంచి ఆరు కిలోలు. బలిసిన గుర్రమైనా పస్తు పెట్టకండి, అది వేరే జబ్బు తెస్తుంది. ఎండుగడ్డిని గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెడితే చక్కెర కొంత పోతుంది. మన వేడికి ఎక్కువసేపు నానితే పులుస్తుంది, అందుకే నానిన వెంటనే పెట్టండి. వరిగడ్డి కొంత కలపొచ్చు, కానీ అదొక్కటే పెడితే కడుపు కట్టేస్తుంది. చెరుకు మొవ్వు, గట్ల మీది లేత పచ్చిక, మొక్కజొన్న కంకులు వద్దు. అందరికీ చెప్పండి, ముఖ్యంగా వచ్చిపోయే చుట్టాలకి. బెల్లం ముక్క పెట్టకుండా గుర్రాన్ని పలకరించడం వాళ్ళకి చేతకాదు.

డెక్క చెక్కే ఆయనకి ఎక్స్‌రే చూపించండి. మొన పొడుగు ఉంటే ప్రతి అడుగుకీ లోపలి పొరలు లాగబడతాయి, మొన వెనక్కి తేవాలి, అరికాలిని మాత్రం గీకకూడదు. కొన్ని నెలలకి ఉన్నట్టుండి ఒక కాలు పూర్తిగా ఎత్తేస్తే కంగారు పడకండి. చచ్చిన పొరలు చీముగా మారి బయటికి వచ్చే దారి వెతుక్కోవడం ఈ జబ్బులో మామూలే. డాక్టరు తెరిచి చీము తీశాక శుభ్రం చేసి, పిల్లల డైపరు చుట్టి టేపు వేస్తే రోజంతా నిలుస్తుంది.

వానాకాలంలో పాక మెరక మీద ఉండాలి. సార్వా నాట్ల సమయంలో నీరు ఊరే నేలలో నిలబెడితే పలచబడ్డ అరికాలు మెత్తబడి కుళ్ళు కూడా తోడవుతుంది. సవారీ సంగతి కొత్త డెక్క పూర్తిగా దిగి, నొప్పి మందు లేకుండా గట్టి నేల మీద మామూలుగా నడిచి, ఎక్స్‌రే కూడా బాగుంటే అప్పుడు ఆలోచించండి. కొన్ని గుర్రాలకి ఆ రోజు రాదు. పని లేకుండా మేస్తూ నొప్పి లేకుండా ఉండడమే వాటికి నయం కావడం.

వదలాల్సి వస్తే

బాధ తీరడానికి డాక్టరు చేత ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించడాన్ని మన దగ్గర పాపం అంటారు, ఆ మాట అనేవాళ్ళ మనసూ అర్థమవుతుంది. కానీ తగ్గే దారి లేని నొప్పిలో ఒక జంతువుని మన ధైర్యం చాలక ఉంచడం పుణ్యం అని నేను అనుకోలేను. చట్టం కూడా తీరని బాధలో ఉన్న జంతువుకి దీన్ని అనుమతిస్తుంది. ఇది పశువైద్యుడి చేతుల మీదుగానే జరగాలి, కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే ముందే కంపెనీకి తెలియజేయండి.

ముందు మత్తు ఇస్తారు, ఆ తర్వాత మందు ఎక్కువ మోతాదులో నరంలోకి వెళ్తుంది. నిలబడి ఉన్న గుర్రం ఒక్కసారిగా కూలుతుంది, అందుకని దగ్గరగా ఆనుకుని నిలబడకండి, డాక్టరు చెప్పిన చోట ఉండండి. తర్వాత ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు, కండరాలు అదిరినట్టు కనిపించొచ్చు, అది బాధ కాదు. మీరు చూడలేకపోతే చూడకండి, దానికి అలవాటైన మనిషి ఒకరు తల దగ్గర ఉంటే చాలు.

చోటు ముందే చూసుకోవాలి. జేసీబీ రాగలిగిన మెరక నేల, బావికీ, చెరువుకీ, కాలవకీ, రొయ్యల చెరువులకీ దూరంగా. డెల్టాలో రెండు గజాలు తవ్వేసరికి చాలా చోట్ల నీళ్ళు ఊరతాయి, అందుకే చోటు ఎంచుకోవడమే పెద్ద పని. పంచాయతీకి చెప్పండి. కళేబరం మీద కనీసం మీటరు మట్టి ఉండాలి, కుక్కలు తవ్వకూడదు, ఎందుకంటే ఒంట్లో ఉన్న మందు తిన్న జంతువుల్నీ పక్షుల్నీ చంపుతుంది. గోదారిలోకో కాలవలోకో తోసేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

జతగా పెరిగిన గుర్రం ఉంటే, వీలైతే దాన్ని తీసుకొచ్చి కాసేపు వాసన చూడనివ్వండి. లేకపోతే రోజుల తరబడి సకిలిస్తూ వెతుకుతుంది. పాకలో మిగిలిన గుర్రాలు తిన్నది అదే తవుడు, నడిచింది అవే రోడ్లు. ఆ వారంలోనే వాటి మెడలు తడిమి చూడండి, నాడి చూడండి, బలిసినవాటికి గింజ తగ్గించండి, తవుడు బస్తాలున్న గదికి తాళం వేయండి.